నరసింహప్ప వాకిలి

గౌస్ పీర్‌కు తొమ్మిది గదుల ఇల్లు ఉందన్న సంగతి ఒక కంపెనీ కంప్యూటర్లకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆయన భార్య దాదాబీ వింటే కడుపు పట్టుకుని నవ్వేది. చిలమత్తూరులో వాళ్ళుండేది రేకుల కింద రెండు గదుల బాడుగ ఇల్లు. అందులో ఒక గది మొత్తం కాలిన మోటార్లదీ, రాగి తీగ చుట్టలదీ, బెంగుళూరు అపార్ట్‌మెంట్లలో పీకేసిన సామానుదీ.

బెంగుళూరు వాళ్ళ ఇళ్ళలో మూడేళ్ళకొకసారి అన్నీ పాతబడతాయి. నోటిమాటతో వెలిగే లైట్లు, తిరిగే ఫ్యాన్లు, తెరుచుకునే తాళాలు, అన్నీ. పాతవి పీకి కొత్తవి బిగించే పనికి గౌస్ పీర్ నెలకు నాలుగుసార్లు బస్సెక్కేవాడు. పీకినవి ఏం చేసుకుంటావో చేసుకో పొమ్మనేవాళ్ళు. చక్కగా పనిచేసే వస్తువును చెత్తలో వేయడానికి ఆయనకు చేతులు రాలేదు. సంచిలో వేసుకొచ్చి చుట్టుపక్కల తొమ్మిది ఇళ్ళలో ఒక్కొక్కటిగా బిగించాడు. బిగించేటప్పుడల్లా ఫోన్లో ఈమెయిల్ అడిగేది. ఆ తొమ్మిది ఇళ్ళలో ఈమెయిల్ ఉన్నవాళ్ళు లేరు, ఉన్నా పాస్‌వర్డ్ గుర్తున్నవాళ్ళు లేరు. రీచార్జి అయిపోతే నంబరే మార్చేసే జనం. అందుకే కరెంటు మీటరు అర్జీల నుంచి గ్యాసు బుకింగుల దాకా ఎవరి కాగితం నింపినా ఆయన తన నంబరే రాసేవాడు. ఇక్కడా అదే చేశాడు, తన ఈమెయిలే కొట్టాడు. ఇంటి పేరేమిటని ఫోను అడిగితే గౌస్ పీర్ ఇల్లు అన్నాడు. గదుల పేర్లేమిటంటే ఒక్కో ఇంటినీ ఒక్కో గదిగా రాసుకున్నాడు. కొండప్ప గేటు ఒక గది. నరసింహప్ప రూము ఒక గది. అట్లా పైసా ఖర్చు లేకుండా ఆయనకు మేడ సమకూరింది.

ఆ మేడలో ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన గది నరసింహప్పది.

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదికే ఎండ చుర్రుమంటోంది. ఫ్యాను గరగరమంటోందని కబురొస్తే గౌస్ పీర్ బండేసుకుని వెళ్ళాడు. ఊరి చివర కాలనీలో ఒంటి గది ఇల్లు. వీధిలో మిగతా వాకిళ్ళన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆ ఊళ్ళో పగలు ఎవరూ తలుపు వేసుకోరు. వేసుకుంటే లోపల ఏదో జరిగిందనుకుని నలుగురూ పోగవుతారు. పనున్నా లేకున్నా "ఏమప్పా" అంటూ లోపలికి నడిచిపోవడమే గాని, గడప బయట ఆగి రావచ్చునా అని అడగడం ఎవరికీ అలవాటు లేదు. నరసింహప్ప వాకిలి ఒక్కటే పగలు మూసి ఉండేది.

"నరసింహా, నేను, గౌసును."

లోపల గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తర్వాత బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు, "తారా, తలుపు తెరువు."

"సరే, తలుపు తెరుస్తున్నాను," అంది ఒక ఆడగొంతు. తాళం కిర్రుమని తిరిగింది.

ప్రతిసారీ గౌస్ పీర్‌కు నవ్వొస్తుంది. బోరు బండి మీద రాడ్లు ఎక్కించే రోజుల్లో నాలుగు చేల అవతలికి వినబడేలా బూతులు తిట్టిన నోరది. గోడకు బిగించిన ఆ మాటలు వినే డబ్బాకు "వాకిలి తీ" అంటే అర్థం కాలేదు. "తీయే" అన్నా కాలేదు. వార్తలు చదివేవాళ్ళ తెలుగు తప్ప దానికి ఇంకోటి రాదు. చివరికి నరసింహప్పే దాని భాష నేర్చుకున్నాడు.

రాడ్డు జారి మెడ మీద పడ్డాక ఆయనకు మిగిలింది నోరూ, పక్కకు కొంచెం తిరిగే తలా. భార్య బయమ్మ పొద్దున ఆరింటికి హిందూపురం బట్టల ఫ్యాక్టరీ బస్సెక్కితే సాయంత్రం ఏడింటికి దిగుతుంది. మధ్యాహ్నం పక్కింటి రామసుబ్బమ్మ సంగటి తెచ్చి తినిపిస్తుంది. ఆమె కూడా బయట నిలబడి, "నరసింహప్పా, తెచ్చినా," అనాల్సిందే. ఆయన తెరవమంటేనే తెరుచుకునేది. ఆయన ఒంటి మీద ఒక దుప్పటి, మంచం పక్కన మూత్రం సంచి, గోడకు ఆ డబ్బా. అంతే సంసారం.

గౌస్ పీర్ స్టూలెక్కి ఫ్యాను కప్పు విప్పాడు. వేలితో రెక్క తిప్పి చెవి పెట్టి విన్నాడు. "బుష్షు అరిగిపోయిందప్పా. నూనె వేస్తా. వారం నడుస్తాది."

"వారం చాలన్నా. ఈ నెల దాటితే అది నా మాట వింటాదో వినదో."

"ఎందుకు వినదు?"

"ఆయమ్మే చెప్తాంది. పొద్దున్నుంచి మూడు తూర్లు చెప్పింది. విను నువ్వే. తారా, సమయం ఎంత?"

"సమయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. ముఖ్య గమనిక. ఈ పరికరానికి మా సేవలు ఈ నెల ముప్పైతో ముగుస్తాయి. ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు ధన్యవాదాలు."

గౌస్ పీర్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. రెండు వారాల కిందట ఫోన్లో ఇంగ్లీషులో ఏదో పొడుగు మెసేజీ వచ్చింది. లోన్లు ఇస్తామని రోజూ వచ్చేవాటిలో ఇదొకటనుకుని తుడిచేశాడు. స్టూలు దిగి, డబ్బా గోడ మీంచి తీసి, వెనక మూత విప్పాడు. లోపల మసి లేదు, కాలిన వాసన లేదు, ఒక్క టాకా కూడా ఊడలేదు. టెస్టరు పెట్టి చూశాడు. అన్నిచోట్లా సరిగ్గానే వెలిగింది.

"చెడిపోయిందా?" అన్నాడు నరసింహప్ప.

"ఏమీ చెడలేదు. నిక్షేపంగా ఉండాది. కంపెనీవాళ్ళు ఆపేస్తారంట."

"వాళ్ళు యాడనో కూచోని మా ఇంటి వాకిలి ఎట్ల ఆపుతారన్నా?"

దానికి గౌస్ పీర్ దగ్గర జవాబు ఉంది గాని చెప్పే ధైర్యం లేదు. నరసింహప్ప తెరవమన్న మాట ఈ గదిలోంచి బయల్దేరి ఎక్కడికో పోయి, అక్కడ సరేనంటేనే తిరిగొచ్చి తాళం తిప్పుతుందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తన వాకిలి తన మాట మీదే తెరుచుకుంటుందని ఆ మనిషి మురిసిపోతుంటే, మధ్యలో ఇంకెవరో ఉన్నారని చెప్పబుద్ధి కాలేదు.

నరసింహప్ప పైకప్పు వైపే చూస్తూ అన్నాడు. "ఫ్యాను పోతే పోనీ. ఉడికిపోతా, అంతే కదా. వాకిలి మాత్రం చూడన్నా. నీకు చెప్పినా కదా ఆ పొద్దు సంగతి. దుప్పటి జారిపోయింది. లాక్కునేకి చెయ్యి లేదు. శ్రీమంతం పిలుపుకు ఆడోళ్ళు నలుగురు కుంకం పట్టుకుని లోపలికే వచ్చేసినారు. వాళ్ళదేం తప్పు? వాకిలి తీసే ఉన్నింది. నవ్వినా బాగుండు. పాపం అనుకుంటా అట్లే నిలబడినారు."

"నేను చూస్తాలేప్పా. బేజారు పడొద్దు," అన్నాడు గౌస్ పీర్. ఫ్యానుకు నూనె వేసి, మళ్ళీ మూత బిగించి, వెళ్ళేటప్పుడు దుప్పటి రెండు పక్కలా పరుపు కిందికి దోపాడు.

మర్నాడు తెల్లవారి బస్సుకు బెంగుళూరు పోయాడు. కంపెనీ సర్వీసు సెంటరు అద్దాల తలుపులు ఆయన దగ్గరికి పోగానే వాటంతట అవే పక్కకు జరిగాయి. లోపల చలి. చేతికి టోకెను ఇచ్చి కూర్చోమన్నారు. కౌంటరు పక్కన నడుమెత్తు ప్లాస్టిక్ డబ్బా నిండా పాత తాళాలు, పాత డబ్బాలు పోసి ఉన్నాయి. గౌస్ పీర్ ఊరుకోలేక ఒక తాళం తీసి నాలుక తిప్పి చూశాడు. వెన్నలా తిరిగింది. ఇంకోటి తీశాడు. అదీ తిరిగింది. సెక్యూరిటీ అతను దగ్గితే రెండూ లోపల వేసేశాడు.

కౌంటరులో అమ్మాయి మెడలో ఆశ్రిత అని పేరు. మొదట ఇంగ్లీషులో, తర్వాత కన్నడంలో మాట్లాడింది. ఈయన కన్నడం నాలుగు ముక్కలు విన్నాక తెలుగులోకి దిగింది. "మీది అనంతపురం సైడా సార్? మాది నల్లమాడ." ఆ ఒక్క మాటతో గౌస్ పీర్‌కు సగం పని అయిపోయినట్టే అనిపించింది.

ఆమె కంప్యూటరు చూసి కనుబొమలెత్తింది. "పెద్ద ఇల్లే సార్ మీది. తొమ్మిది రూములు."

"అది ఇల్లు కాదమ్మా. తొమ్మిదీ తొమ్మిది ఇండ్లు. ఈమెయిల్ ఎవరికీ లేకపోతే నాది పెట్టినా."

ఆశ్రిత అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక అకౌంటుకు ఒక కొత్త డబ్బా ఫ్రీగా ఇస్తున్నారు సార్. తొమ్మిది అకౌంట్లయ్యుంటే తొమ్మిదీ వచ్చేవి."

"ఇప్పుడు మార్చేస్తే?"

"నోటీసు తేదీకి ముందే ఉండాలి సార్."

"పోనీ తాళం? తాళం ఒక్కటి మార్చియ్యమ్మా. కాళ్ళూ చేతులూ పడిపోయిన మనిషి. వాకిలి ఒక్కటే వాని చేతిలో ఉండేది."

ఆమె మళ్ళీ తెర మీదికి వంగింది. చాలాసేపు ఏవో నొక్కింది. "ఇంటి ముందు తలుపు తాళాలు మారుస్తున్నారు సార్, సేఫ్టీ కోసమని. కానీ మీ తాళం ముందు తలుపుకు లేదు. నరసింహప్ప రూము అని ఒక రూము ఉంది కదా, ఆ రూము తలుపుకు చూపిస్తోంది. లోపలి రూముల తాళాలకు లేదు."

"అదే వాని ముందు తలుపు తల్లీ! వెనక తలుపు కూడా అదే!"

"నాకు అర్థమైంది సార్. ఇక్కడ ఇట్లా ఉంది." తెర ఇటు తిప్పి చూపించింది. ఆయన అక్షరాలే. ఆయన వేలితో ఆయన కొట్టినవే.

"దాంట్లో ఏం చెడిందమ్మా అసలు?"

"ఏం చెడలేదు సార్. వస్తువు బాగుంది. సపోర్టు అయిపోయింది."

"చెడిపోని దానికి చచ్చే తేదీ పెట్టినారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. ఆశ్రిత మొహం ఎర్రబడింది. "నేనేం చెప్పగలను సార్," అంది. కొత్త డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. సంతకం చేసి, డబ్బాను రెండు చేతులతో పట్టుకుని గౌస్ పీర్ ఆఖరి ఆశ అడిగాడు. "ఇది పాత తాళాన్ని తెరుస్తాది కదమ్మా?"

"కంపాటిబుల్ వస్తువులన్నీ పనిచేస్తాయి సార్."

అందులో మొదటి మాట ఆయనకు పట్టలేదు. అన్నీ పనిచేస్తాయన్న మాట పట్టుకుని బస్సెక్కాడు.

బాగేపల్లి దాటకముందే కొండప్ప ఫోను చేశాడు. కొండప్ప మాజీ సర్పంచు. కొత్తగా కల్యాణ మండపం కట్టిస్తున్నాడు. దాని వైరింగు నీకేనని ఉగాది నాడు మాటిచ్చి ఉన్నాడు.

"గౌసూ, కొత్త పెట్టె తెచ్చినావంట. నా గేటు లైట్లకు రేపొచ్చి బిగించు."

ఇంత త్వరగా ఎట్లా తెలిసిందని గౌస్ పీర్ ఆశ్చర్యపోలేదు. బస్సెక్కగానే దాదాబీకి ఫోను చేసి చెప్పాడు. దాదాబీకి చెబితే మండలానికి చెప్పినట్టే.

"ఒకటే ఇచ్చినారన్నా. అది నరసింహప్పకు. నీకు స్విచ్చి వేసేకి మనుషులుండారు కదా."

"వానికి వాకిలెందుకప్పా?" కొండప్ప నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు. "వాడు యాడికి పోయేది ఉండాది?"

"పోయేకి కాదన్నా. వచ్చేవాళ్ళను ఆపేకి."

"సరే కానీ. మండపం సంగతి మల్ల మాట్లాడదాం," అని కొండప్ప పెట్టేశాడు. ఆ మల్ల ఇంక రాదని గౌస్ పీర్‌కు తెలుసు. అయినా ఆ రోజు ఆయనకు బాధ అనిపించలేదు. సంచిలో డబ్బా ఉంది కదా.

గురువారం సాయంత్రం బయమ్మ బస్సు దిగేసరికి ఆయన గోడకు కొత్త డబ్బా బిగిస్తున్నాడు. బయమ్మ తలలో, జాకెట్టు చేతుల మీద దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి. చేతులు కూడా కడుక్కోకుండా ఫోను లైటు పట్టుకుని నిలబడింది. కొత్త డబ్బాకు ఫ్యాను దొరికింది. లైటు దొరికింది. తాళం దగ్గర మాత్రం ఫోను తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. గౌస్ పీర్ తాళం బ్యాటరీలు మార్చాడు. డబ్బా తీసి తలుపు దగ్గర పెట్టాడు. మొత్తం తీసేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించాడు. పాత డబ్బాకే కరెంటిచ్చి చూస్తే, కొత్తది ఎక్కాక అది పలకడమే మానేసింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"నేను అడిగి చూస్తా ఉండు," అన్నాడు నరసింహప్ప. గొంతు సవరించుకున్నాడు. "తారా, తలుపు తెరువు."

"క్షమించండి. తలుపు అనే పరికరం మీ ఇంట్లో లేదు."

ముగ్గురూ తలుపు వైపు చూశారు. బయమ్మకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

చెప్పాల్సింది గౌస్ పీర్ అప్పుడే చెప్పేశాడు. "తప్పు నాదప్పా. ఇల్లు అని రాయాల్సింది రూము అని రాసినా. ఇల్లు అని రాసింటే కొత్త తాళం ఊరికే ఇచ్చేవాళ్ళు."

నరసింహప్ప కొంచెం ఆలోచించాడు. "రూమే కదన్నా ఇది. తప్పేం రాసినావు?"

తిట్టి ఉంటే గౌస్ పీర్‌కు అంత కష్టమయ్యేది కాదు.

"బయటి నుంచి తాళమేసి, చెవి రామసుబ్బమ్మత్త చేతికిచ్చి పోతా," అంది బయమ్మ.

"గొడ్డును దొడ్లో పెట్టినట్ల పెడతావా?"

"మల్ల నన్నేం చేయమంటావు? పని మానేసి నీ పక్కన కూచోవాల్నా? కూచుంటా. ఇద్దరం ఏం తినేది?"

"తాళం ఆమె చేతిలో ఉంటే వాకిలి ఆమెది అయితాది బయమ్మా. ఎవరిని రమ్మనేదీ ఆమె ఇష్టం."

"నాకు తెల్దా? నాకు తెల్దా అది?" అంది బయమ్మ. గౌస్ పీర్ సామాను సంచిలో వేసుకుంటూ, "రెండు దినాలు ఇయ్యండి నాకు," అన్నాడు.

ఆ రెండు రోజులూ ఆయన మోటారు పని ముట్టుకోలేదు. పాత సామానులో వెతికి, కరెంటు తగిలితే వెనక్కి లాక్కునే చిన్న గడియ ఒకటి తీశాడు. లోపల రాగి చుట్ట, ఒక స్ప్రింగు. కరెంటు ఆపితే స్ప్రింగు మళ్ళీ గడియను ముందుకు తోస్తుంది. కరెంటు పోయినా పనిచేయాలని దానికి ఒక బ్యాటరీ కట్టాడు. కాలింగ్ బెల్లు బొత్తాం ఒకటి తెచ్చి, పైన మెత్తని రబ్బరు అతికించి, మంచం పట్టెకు కమ్మీ వంచి, సరిగ్గా నరసింహప్ప చెంప దగ్గరికి వచ్చేలా నిలబెట్టాడు. ఇందులో కంపెనీ లేదు, ఈమెయిల్ లేదు, ఎక్కడికో పోయి తిరిగొచ్చే మాట లేదు. తల కొంచెం పక్కకు వాల్చి నొక్కితే టక్కుమని గడియ వెనక్కి పోతుంది.

ఆదివారం బయమ్మ ఇంట్లో ఉండగా పరీక్ష పెట్టారు. నరసింహప్ప చెంపతో నొక్కాడు. టక్. మళ్ళీ నొక్కాడు. టక్. ముప్పైసార్లు నొక్కి ఉంటాడు. మొహమంతా చెమట, నవ్వు. రామసుబ్బమ్మను బయట నిలబెట్టి పిలిపించుకుని, కావాలనే కొంచెం ఆలస్యంగా తెరిచాడు. "ఏం బిగువప్పా నీకు!" అని ఆమె తిట్టింది.

"బయటి నుంచి తీసేకి ఒక తీగ పెడతా, అవసరానికి ఉంటాది," అన్నాడు గౌస్ పీర్.

"వద్దన్నా. తీగ ఉంటే ఊరంతా లాగుతారు."

గౌస్ పీర్ బయమ్మ వైపు చూశాడు. ఆమె మొగుడి మొహం వైపు చూస్తోంది. చాలా రోజుల తర్వాత చూస్తున్నట్టుగా చూస్తోంది. అది చూసి ఆయన తీగ మాట వదిలేశాడు.

సోమవారం పదకొండు గంటలకు రామసుబ్బమ్మ ఫోను. ఆమె ఏమి చెబుతోందో అర్థం కాలేదు. వెనకాల జనం అరుపులు మాత్రం వినిపించాయి.

ఆయన పోయేసరికి నడివీధిలో మంచం. మంచం మీద నరసింహప్ప. చుట్టూ ఇరవైమందికి పైగా జనం. ఎవరో గొడుగు పట్టారు, ఎవరో చెంబుతో నీళ్ళు పట్టుకున్నారు, ఇద్దరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. రామసుబ్బమ్మ మంచం మీద ఒరిగి, దుప్పటి రెండు అంచులూ రెండు చేతులతో గట్టిగా నొక్కిపట్టుకుని, చుట్టూ తిరుగుతున్నవాళ్ళను కసురుతోంది. "చూసింది చాలు, పోండప్పా, పోండి!" అంటోంది. ఎవరూ పోవడం లేదు. నరసింహప్ప ముక్కు కింద మసి. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. అది పొగ వల్లనో మరొకదాని వల్లనో ఎవరూ అడగలేదు.

జనం బద్దలుకొట్టిన తలుపు లోపలికి పడి ఉంది. గుంజకు గడియ చోట నల్లటి ముద్ద. గౌస్ పీర్ దాన్ని స్క్రూడ్రైవరుతో గీకాడు. రాగి చుట్ట కాలి బొగ్గయింది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగి కారింది. ఏం జరిగిందో ఆయనకు వెంటనే తెలిసిపోయింది. అది రెండు సెకన్లు నొక్కి వదిలేయాల్సిన చుట్ట. గంటసేపు నొక్కినట్టే ఉంచితే కాలుతుంది. కాలాక స్ప్రింగు గడియను మళ్ళీ ముందుకు తోసింది. లోపల పొగ, వాకిలి బిగుసుకుపోయింది, బయటి నుంచి తీసే దారి లేదు. ముప్పై ఏళ్ళుగా మోటార్లు చుట్టిన మనిషి. చుట్ట ఎంతసేపటికి కాలుతుందో చెయ్యి పెట్టి చెప్పగలడు. మనిషి నిద్రపోతాడన్నది మాత్రం మర్చిపోయాడు.

"కునుకు పట్టిందన్నా," అన్నాడు నరసింహప్ప, ఆయన దగ్గరికి రాగానే. గొంతు బొంగురుపోయింది. "రాత్రంతా నిద్రపోలేదు. సంతోషంతో. చెంప దాని మీదే వాలిపోయింది."

గౌస్ పీర్ ఆ జనం మధ్యలో, ఆ ఎండలో, మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు.

బయమ్మ పని మధ్యలో వదిలేసి మధ్యాహ్నానికి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. మొగుడి మొహం తుడిచింది, మంచం లోపల పెట్టించింది, జనాన్ని పంపించింది. తర్వాత బయటికొచ్చి గౌస్ పీర్ ముందు నిలబడింది. "అన్నా, నువ్వు చేసిన మేలు మరిచేది కాదు. కానీ ఇంక మా ఇంట్లో ఏమీ బిగించొద్దు." చేతులు జోడించింది. ఆయన తల ఊపాడు. సంచి తీసుకుని బండి దగ్గరికి పోయాడు.

తలుపును వడ్రంగి మళ్ళీ నిలబెట్టాడని, దానికి గడియ లేదని, పగలంతా తెరిచి రాయి అడ్డం పెట్టి బయమ్మ పనికి పోతోందని గౌస్ పీర్‌కు తెలుస్తూనే ఉంది. మండపం వైరింగు హిందూపురం వాళ్ళకిచ్చారన్న సంగతీ తెలిసింది. మూడు రోజులు ఆయన ఆ దారినే పోలేదు. శుక్రవారం నమాజు తర్వాత ఇంక ఉండబట్టలేక బయల్దేరాడు. సంచి ఇంట్లోనే పెట్టి ఉత్త చేతులతో పోయాడు.

వీధిలో అన్ని వాకిళ్ళతో పాటు నరసింహప్ప వాకిలి కూడా తెరిచి ఉంది. రెండు కోళ్ళు గడప దిగి వస్తున్నాయి. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు లేదు. గౌస్ పీర్ చెప్పులు విడిచి, మంచం కనబడకుండా గోడ పక్కగా నిలబడ్డాడు.

"నరసింహా, నేను, గౌసును."

"వాకిలి తీసే ఉండాది కదన్నా."

"ఉంటే ఉండనీ. నువ్వు రమ్మంటే వస్తా."

గౌస్ పీర్ కాలు మార్చుకుని నిలబడ్డాడు. బండలు కాలుతున్నాయి. "ఈ ఎండలో ఫ్యాను ఎందుకు ఆపినావప్పా? చెడిపోయిందా?"

"లేదు. బాగానే ఉండాది. నేనే ఆపమన్నా. తిరుగుతాంటే అడుగుల చప్పుడు వినపడదు." కొంచెం ఆగాడు. "ఎవరన్నా వస్తే కండ్లు మూసుకునేకి టైము కావాల కదా."

గౌస్ పీర్ గోడకు చెయ్యి ఆనించాడు. చివరికి, "రానా మల్ల?" అన్నాడు.

"వద్దులేన్నా. ఈపొద్దు వద్దు."

"సరేప్పా. వద్దంటే వద్దు."

ఆయనకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో తేలికయింది. ఎవరో ఒకరిని వద్దనడానికి ఆ మనిషికి ఇంకా వీలుంది, అది తనైతే తనే కానీ అనుకున్నాడు. చెప్పులు వేసుకోబోతుండగా వీధి మలుపులోంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. కొత్త చీరలు, చేతిలో కుంకుమ పళ్ళెం. నామకరణం పిలుపుకు ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

"అమ్మా, ఒక్క మాట అడిగి పోండి. లోపల మనిషుండాడు," అన్నాడు గౌస్ పీర్, అడ్డంగా ఒక అడుగు వేసి.

వాళ్ళు ఆయన వైపు వింతగా చూశారు. "అడిగేది ఏముందన్నా? వాకిలి తీసే ఉండాది కదా," అంది ముందున్న ఆమె. మర్యాదగానే అంది. పిలుపుకు వచ్చినవాళ్ళు ఒక ఇల్లు వదిలిపెడితే అది తప్పని ఆమె లెక్క. చెప్పులు విడిచి ముగ్గురూ లోపలికి నడిచారు.

గౌస్ పీర్‌కు గడప బయటి నుంచి మంచం తలవైపు కనిపిస్తోంది. నరసింహప్ప కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. రెప్పలు అదురుతున్నాయి.

"నిద్రపోతాండాడు, పాపం," అంది ఒకామె.

"యాడి నిద్రలే. అట్ల పడుండేదే కదా," అంది ఇంకో ఆమె, మెల్లగానే. కుంకుమ పొట్లం దిండు పక్కన పెట్టారు. పెట్టినవాళ్ళు వెంటనే కదలలేదు. మంచం చుట్టూ నిలబడి చూస్తూ ఉన్నారు.

లోపలికి పోయి వాళ్ళను పంపేయాలని గౌస్ పీర్‌కు కాళ్ళు లాగాయి. గడప మీద కాలు పెట్టబోయి ఆగాడు. ఆయనను రావద్దన్నాడు కదా. వాళ్ళు బయటికొచ్చేదాకా ఆయన గడప ఇవతలే నిలబడ్డాడు.